మేకుకు మిగిలిన బిళ్ళ

మా బొగ్గుబాయి ల్యాంపు రూములో నేను చేసే పని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. బాయిలోకి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి నాకిస్తాడు. నేను అదే నంబరున్న తలదీపం అతనికిచ్చి, బిళ్ళను గోడమీది మేకుకు తగిలిస్తాను. షిఫ్టు అయ్యాక పైకొచ్చి దీపం ఇస్తాడు, బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఏడో తరగతి సగంలో వదిలేసినవాడికి ఇంతకంటే పెద్ద లెక్క ఎవరు అప్పజెప్తారు?

పదకొండేళ్ల కిందట ఒక రోజు మొదటి షిఫ్టువాళ్లంతా ఇళ్లకు పోయాక ఆరువందల పన్నెండు నంబరు బిళ్ళ మిగిలింది. అది ఎల్లేశంది. మరిచిపోయి ఇంటికి పోయి ఉంటాడన్నారు. మరి దీపం ఏదంటే, దాన్నీ నడుముకు కట్టుకునే పోయి ఉంటాడన్నారు. అందరూ పైకొచ్చినట్టు రిజిస్టరులో రాసి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. రెండో షిఫ్టు గంటసేపు పైనే నిలబడిపోయింది. "ఏందిరా, మేకు లెక్క పాతుకపోయినవ్" అని ఒక పెద్దాయన నూరుమంది ముందు అన్నాడు. చివరికి ఎవరూ పోని పాత దారిలో, కాలు విరిగి, దీపం ఆరిపోయి, గోడకు ఆనుకుని కూర్చున్న ఎల్లేశం దొరికాడు. అతన్ని మోసుకొచ్చినవాళ్లకు దండలు పడ్డాయి. ఎల్లేశానికి పైన తేలిక పని దొరికింది, నా పక్కనే దీపాలకు ఛార్జింగు పెట్టే పని. నాకు దొరికింది పేరు. ఆనాటి నుంచి నేను మేకు సదయ్యను. ఆ పేరుతో నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించేది కూడా ఎల్లేశమే.

లోకం తీరు తెలిసిన మనిషిని కాబట్టి, పోయిన వానాకాలంలో ఒక కుక్క వచ్చి ల్యాంపు రూము వరండాలో పడుకుంటే దాన్ని తరిమేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ తరిమాను. మూడోసారి నా కాళ్ల మధ్యనుంచి దూరి బెంచీ కిందకు పోయి, తలకాయ తెచ్చి నా చెప్పుమీద పెట్టింది.

"బావా, నిన్ను మెచ్చినోళ్లు ఇన్నేండ్లకు ఒకరు దొరికిన్రు. ఎళ్లగొట్టకు," అన్నాడు ఎల్లేశం.

"దాని కండ్లు సక్కగ లేవేమో."

"గందుకే మెచ్చింది."

అప్పుడది నల్ల కుక్క. తోక నుంచి ముక్కు దాకా నలుపే. ముందుకాలు ఒకటి కొంచెం ఎత్తి పెట్టి నడిచేది. లారీల వెంట, బొగ్గు బురదలో ఎంత దూరం తిరిగి వచ్చిందో. వారం రోజులు సద్ది గిన్నెలో సగం దానికి పెట్టి, ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగాక క్వార్టరుకు తీసుకుపోయాను.

నా భార్య ఐలవ్వ గడప మీదనే ఆపింది.

"మనిషివి నువ్వొచ్చుడే ఇంటినిండ బొగ్గు. ఇంకొకర్ని తోలుకొచ్చినవా?"

"ఒక్క పూట ఉంటది."

"నువ్వు గూడ ఒక్క పూట అనే వచ్చి నన్ను చూసిపోయినవ్. ముప్పై ఏండ్లాయె."

కానీ బకెట్టు తెచ్చింది ఆమెనే. మొదటి బకెట్టు నీళ్లు సిరా లెక్క పారాయి. రెండోదీ అంతే. మూడో బకెట్టుకు ఐలవ్వ చెయ్యి ఆగిపోయింది. కుక్క నల్లది కాదు. మాగిన ఖర్జూరపు పండు రంగు. ఎండలో నిలబడి ఒళ్లు విదిలిస్తే కాలనీ వరుస మొత్తం బయటికొచ్చి చూసింది. అది మామూలు వీధికుక్క కాదని అప్పుడే అందరికీ తెలిసింది. నాకూ తెలిసింది. తెలిసిన సంగతిని పక్కకు పెట్టుకోవడం నాకు బాగా అలవాటు.

ఇక దాని ఉద్యోగం మొదలైంది. పొద్దున ఏడింటికి నాతోపాటు వచ్చేది. దీపాల వరుసల మధ్య ఒక రౌండు కొట్టి, ఎవరైనా ఆలస్యంగా వస్తే ఒక్కసారి గుర్రుమని మళ్లీ పడుకునేది. వారం తిరక్కముందే కార్మికులు దానికి, బాయిలో పని చేయించే అధికారిని పిలిచినట్టు, ఓవర్‌మన్ అని పేరు పెట్టారు. "దండాలు ఓవర్‌మన్ సాబ్, జెర దయ చూడున్రి," అని బిళ్ళ ఇచ్చేటప్పుడు వంగి మొక్కేవాళ్లు. ఇరవై ఏళ్లుగా నా కిటికీలోంచి చేతులు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు కుక్క కోసం మొహాలు కూడా వంగి లోపలికి చూస్తున్నాయి. చూసినప్పుడు, మర్యాదకో ఏమో, నన్ను కూడా పలకరించేవాళ్లు.

మునిసిపాలిటీ వాళ్లు వీధి కుక్కల్ని పట్టుకుపోతున్నారని తెలిసి, పాత దీపం బెల్టు ఒకటి కోసి దాని మెడకు కట్టాను. దానికి ఇనుప బకిలు, బకిలుకు నాలుగు మేకులు. ఎల్లేశం జేబులోంచి ఒక బిళ్ళ తీశాడు. ఆరువందల పన్నెండు. పోయిందని చెప్పి ఇన్నాళ్లు దాచుకున్నాడట.

"నేనిగ దిగేది లేదాయె. నంబరుంటె ఎవలన్న పట్టుకపోయెతందుకు భయపడ్తరు. కట్టు బావా."

కట్టాను. సాయంత్రాలు క్వార్టరు ముందు మంచం వేసుకుని కూర్చుంటే అది నా పాదాల మీద పడుకునేది. బాగా బరువు. తిమ్మిరెక్కినా కాలు తీసేవాణ్ని కాదు. నా ఈడు మనిషికి ఇంతకంటే ఏం కావాలి అని ఒకసారి అనిపించింది కూడా. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

*

మూడు నెలలు గడిచాయి. బతుకమ్మ పండుగ ముందు ఒక రోజు వేణుమాధవ్ జీపు వచ్చి ల్యాంపు రూము ముందు ఆగింది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర మనుషుల్ని చూసుకునేవాడు వేణుమాధవ్. జీపు దిగకుండానే మాట్లాడడం అతని అలవాటు.

"సదన్నా, నీ కాడ ఉన్న కుక్క నాది."

"ఎప్పుడు పోయింది?"

"ఎండకాలంల. మా తోటకాడికెళ్లి పోయింది. వానలు పడంగనే గీ వరండల పండుకుంటె నేనే కండ్లార చూసిన. నల్ల ల్యాబ్రడారు. పేరు టైగర్. ఆదివారం మనుషుల్ని తోలుత, ఇచ్చెయ్."

ఆ రోజు జ్వరమొచ్చిన ఐలవ్వకు తోడుగా కుక్కను క్వార్టరులోనే వదిలి వచ్చాను. వేణుమాధవ్ దాన్ని కడిగాక చూడలేదు. నల్లదన్న మాట విన్నాక నేనూ నోరెత్తలేదు. ఎల్లేశం మాత్రం ఛార్జింగు బోర్డు వెనక నుంచి తలకాయ బయటికి పెట్టాడు.

"మాధవన్నా, గట్ల నోటిమాట మీద ఎట్లిస్తరు? మంచిర్యాలల తిరుమల మేడమని పశువుల డాక్టరమ్మ ఉన్నది. జాతి కుక్కలకు తోలు కింద బియ్యపుగింజంత నంబరు పెడ్తరట. ఆమె కాడ మిషనుంటది. పైకెల్లి తిప్పితె మోగి నంబరు చూపెడ్తదట. మా సడ్డకుని కుక్కకు సూది ఏపియ్యబోయినప్పుడు చూసిన. ఆదివారం ఆడికే పోదాం. నీ పేరొస్తె నీది."

వేణుమాధవ్ ఒక నిమిషం ఆలోచించి సరేనన్నాడు.

జీపు పోయాక ఎల్లేశం మీద విరుచుకుపడ్డాను. "నిన్నెవడు అడిగిండురా? నంబరుంటె?"

"నంబరుంటె ఆనిదైతే కాదు, నాకు ఎర్కే. లేకుంటె ఇగ ఎవ్వడడుగుతడు, నీదే. ఎటు చూసిన ఆనికి ఇచ్చే పని లేదు."

ఎటు చూసినా నాకు మాత్రం రెండు దారులు కనిపించాయి. ఒకదాంట్లో కుక్క నాది. ఇంకోదాంట్లో కాదు. ఆ నాలుగు రోజులు దానికి అన్నంలో గుడ్డు కలిపి పెట్టాను. ఐలవ్వ చూసి కూడా ఏమీ అనలేదు.

*

ఆదివారం పొద్దున ఎల్లేశం మేనమామ ఆటోలో నేను, ఐలవ్వ, ఎల్లేశం, మధ్యలో కుక్క. గోదావరి బ్రిడ్జి ఎక్కే దాకా అది నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. బ్రిడ్జి మీదికి రాగానే లేచి నిలబడింది. ముక్కు బయటికి పెట్టి గాలి పీల్చింది. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు తీసింది.

"నీళ్లను చూసి భయపడ్డట్టున్నది," అన్నాను.

ఐలవ్వ నా మొహం చూసి బయటికి చూపు తిప్పుకుంది.

తిరుమల మేడం ముప్పై ఏళ్ల మనిషి. ఇంటి ముందు గదిలోనే దవాఖాన. ఆమె వేణుమాధవ్‌ను చూడకముందే అతని జీపు హారను విన్నది. గేటు ముందు ఆపి రెండుసార్లు కొట్టాడు. కుక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని నా వెనక్కు జరిగింది. వేణుమాధవ్ ఇద్దరు మనుషులతో లోపలికొచ్చి, కుక్కను చూసి, గదంతా ఒకసారి చూసి, మళ్లీ కుక్కను చూశాడు.

"ఏది, నల్లది?"

"గిదే," అన్నాడు ఎల్లేశం. "కడిగినం."

వేణుమాధవ్, "ఎండకు రంగు పోతది గద," అన్నాడు.

"గట్లయితె మా బాయోళ్లందరం ఈపాటికి తెల్లగైపోవాలె," అన్నది ఐలవ్వ.

"టైగర్," అని పిలిచాడు వేణుమాధవ్. కుక్క నా పంచె కొంగు వాసన చూసింది.

మేడం నవ్వు ఆపుకుని అందరినీ బయటికి పొమ్మంది, నేను, ఐలవ్వ, ఎల్లేశం తప్ప. వేణుమాధవ్ మాత్రం తలుపులో నిలబడ్డాడు. ఆమె ముందు మిషను తీసింది. ఇస్త్రీ పెట్టె పిడి అంత ఉంది. ఒక చిన్న పొట్లంలో పెట్టి ఉన్న కొత్త చిప్పు మీద దాన్ని తిప్పింది. కుయ్ మంది.

"ముందు మిషను పనిచేస్తుందో లేదో చూసుకోవాలి," అంది.

ఆ ఒక్క పనితో ఆమె మీద నాకు గౌరవం కలిగింది. నేను కూడా వెలిగించి చూడందే ఒక్క దీపం ఇవ్వను.

కుక్క వణుకుతోంది. మేడం బెల్టు విప్పబోతే మెడ బిగబట్టి పళ్లు చూపింది. ఆమె చెయ్యి వెనక్కు తీసుకుంది.

"వద్దు, గుంజొద్దు. భయపడ్డప్పుడు గట్టిగా పడితే అది కరుస్తుంది, తప్పు మాత్రం దాని మీదికి పోతుంది. బెల్టు ఉండనీయండి. మీరు తల పట్టుకుని మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడాలె?"

"మీరు రోజూ ఏం మాట్లాడతారో అదే."

నేను దాని చెవిలో దీపాల నంబర్లు చెప్పాను. రోజూ పొద్దున బెంచీ కింద అది వినేవి అవే. మేడం మిషనును మెడ మీద, రెండు భుజాల మధ్య మెల్లగా తిప్పింది. నేను నంబర్లు చదువుతున్నాను గానీ నా లోపల వేరే మాట నడుస్తోంది. మోగకు. మోగకు. మోగకు.

మోగలేదు.

"ఏం లేదు," అంది మేడం. "కానీ మోగలేదంటే లేదని గట్టిగా చెప్పలేం. పుట్టలో పాము ఉందో లేదో ఒక కర్రతో పొడిస్తే తెలియదు కదా. చిప్పు ఒక్కోసారి కిందికి జారుతుంది. దగ్గర్లో ఇనుముంటే మిషను పట్టదు. అది నిమ్మళంగా ఉన్న రోజు మళ్లీ తీసుకొస్తే ఒళ్లంతా చూస్తాను."

"నాకైతే పని లేదు," అని వేణుమాధవ్ జీపెక్కాడు. పోతూ పోతూ, "ఉంచుకో సదన్నా, నీకే కలిసొచ్చింది," అన్నాడు. అతను కూడా మరీ చెడ్డవాడు కాదేమో. ఎండకాలంలో పోయిన తన నల్ల కుక్క ఇంకా దొరకలేదు మరి.

*

దవాఖాన ఎదురుగా చాయ్ హోటలు ఉంది. బెంచీ మీద కూర్చున్నాం. ఎల్లేశం నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి రెండు కుక్కకే పెట్టాడు. జీపు చప్పుడు పోయాక అది మామూలైంది. నా పాదాల మీద బరువంతా పెట్టి పడుకుంది.

"అయిపోయింది పో బావా. ఇగ రాజముద్ర పడ్డట్టె. నీ కుక్క," అన్నాడు ఎల్లేశం.

"ఊ."

"గట్ల ఊ అంటవేంది? నవ్వరాదా? ఎట్ల నవ్వాల్నో మరిచిపోయినవా?"

చాయ్ చల్లారింది. దాని మెడ మీది ఇనుప బకిలు, నాలుగు మేకులు, ఇత్తడి బిళ్ళ ఎండకు మెరుస్తున్నాయి. కట్టింది నేనే. మిషను సరిగ్గా వాటి మీద నుంచే పోయింది. ఇనుముంటే పట్టదన్న మాట ఈ ముగ్గురమూ విన్నాం. బ్రిడ్జి మీద అది నిలబడడం ముగ్గురమూ చూశాం. ఎవరూ ఏమీ అనడం లేదు. ఎవరూ అనకపోతే ఇంటికి పోవచ్చు. ఒక సంతకం పెట్టినట్టే.

బెల్టు విప్పాను. నా చెయ్యి కాబట్టి కుక్క కళ్లు కూడా తెరవలేదు. ఐలవ్వ భుజం మీది తువ్వాలు తీసి మెత్తగా దాని మెడకు చుట్టాను.

"ఏం జేస్తున్నవ్?" అంది ఐలవ్వ.

"ఇంకోపారి చూపిస్త."

"డాక్టరమ్మనే లేదన్నది గద."

"మోగలేదన్నది. లేదనలేదు."

ఎల్లేశం బిస్కెట్టు చేతిలోనే ఉంచుకుని నావైపు చూశాడు. "బావా, నీకేమన్న పిచ్చా? అందరు లేదంటున్నరు. ఒప్పుకుంటె ఏం పోతది?"

"ఆనాడు గూడ అందరు గట్లనే అన్నరు. ఇంటికి పోయి ఉంటడని."

ఎల్లేశం విరిగి అతికిన కాలును చేత్తో ఒకసారి రాసుకున్నాడు. పదకొండేళ్లలో ఆ సంగతి నేను ఎత్తడం అదే మొదటిసారి. తర్వాత అతనే లేచి తువ్వాలు కొస పట్టుకున్నాడు.

"నడువ్," అన్నాడు.

ఈసారి గదిలో మేం ముగ్గురం, మేడం అంతే. ఫ్యాను కూడా బంద్ చేసింది. కుక్క తనంతట తాను నేల మీద పక్కకు ఒరిగి పడుకుంది. ఐలవ్వ దాని మూతి ముందు బిస్కెట్టు ముక్క పట్టుకుంది. మెడ మీద లేదు. భుజాల మధ్య లేదు. కుడి పక్కన, పొట్ట దాకా, ఏమీ లేదు. ఎడమ భుజం నుంచి మేడం చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నేను నంబర్లు చదవడం మరిచిపోయాను. ముందుకాలు మోచేతి దగ్గర, అది మొదట్లో ఎత్తి నడిచిన కాలే, మిషను కుయ్ మంది.

ఐలవ్వ చేతిలో ముక్కను కుక్క తీసుకుని నమిలిన చప్పుడు వినిపించింది.

పదిహేను అంకెలు. మేడం మూడు మూడుగా చదివింది. నేను కాగితం అడగలేదు. నంబరు ఒకసారి వింటే నాకు పోదు.

"ఈ నంబరు బయట ఎవరికీ చెప్పకండి," అంది. "రేపు హైదరాబాద్‌లో కుక్కల రిజిస్టరు రాసేవాళ్లకు ఫోన్ చేస్తాను. నాది అంటూ వచ్చినవాళ్లనే మీరు నంబరు అడగండి. వాళ్ల నోటి నుంచి రావాలి."

"మా కాడ గూడ గంతే మేడం," అన్నాను. "నంబరు మేం చెప్పం. బిళ్ళ వాళ్లే ఇయ్యాలె."

తిరుగుదారిలో ఐలవ్వ బ్రిడ్జి దాటేదాకా ఆగింది.

"నీ నోరు కాదు గని, నీ మనసు ఊకుండదు," అంది. అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

*

మంగళవారం మేడం ఫోన్ చేసింది. బుధవారం మొదటి షిఫ్టు అయిపోయే వేళకు కాసిపేట నుంచి హమీద్ అనే ముసలాయన వచ్చాడు. రిటైరైన ఫారెస్టు గార్డు. తెల్ల గడ్డం, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో నాలుగు మడతల కాగితం. ల్యాంపు రూము కిటికీ ముందు నిలబడి, తన వంతు వచ్చేదాకా కార్మికులతోపాటు వరుసలో ఆగాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. దీపంకోసం చెయ్యి చాపితే నా చేతిలో కాగితం పడింది.

"మొత్తం నంబర్ ఇందుల ఉన్నది భాయ్. నేను చదువుత, మీరు చూడున్రి. కాకపోతే వాపస్ పోత. ఇప్పటికి రెండు చోట్ల పోయి వాపస్ వచ్చిన."

కాగితం తిరిగి అతనికే ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని చదివాడు. పదిహేను అంకెలూ నా లోపలి అంకెలతో ఒక్కొక్కటిగా కలిశాయి.

హైదరాబాద్‌లో ఉండే అల్లుడు కుక్కను చిన్నపిల్లగా ఉన్నప్పుడే తెచ్చి, నంబరు వేయించి, హమీద్ పేరు మీదే రాయించాడట. జూన్ చివర్లో గోదావరిఖనిలో పెళ్లికి కారులో వచ్చి తిరిగి పోతూ, బ్రిడ్జి ఇవతల చేపల కోసం ఆగారు. పక్కనే బొగ్గు లారీ టైరు పేలింది. తెరిచిన డోరులోంచి కుక్క దూకి, కాలు కొట్టుకుని, లారీల మధ్య పడి పారిపోయింది. నాలుగు రోజులు రెండు ఒడ్లూ వెతికారు.

"అందరికీ ఖర్జూరం రంగు కుక్క అని చెప్పినం. లేదన్నరు."

"ఎట్ల దొరుకుతది కాకా," అన్నాడు ఎల్లేశం. "మా కాడ అది నల్లగుండె."

"మా ఇంటామె హబీబున్నీసా రాలేదు," అన్నాడు హమీద్. "మళ్ల ఇది గూడ కాకపోతే తట్టుకోలేనన్నది. అది పోయినకాడి నుంచి మా ఇంటి గేటు బంద్ చెయ్యనియ్యలేదు. పగలు లేదు, రాత్రి లేదు, తెరిచే ఉంటది. మేకలొచ్చి మల్లెచెట్టు తినిపోయినయ్. అయినా బంద్ చెయ్యనియ్యదు."

ఆ మాట విని నేను గోడ వైపు చూశాను. ఆ రోజు షిఫ్టు అందరూ వచ్చేశారు, మేకులన్నీ ఖాళీ. మూడు నెలలుగా ఒక బిళ్ళ కాసిపేటలో తగిలించి ఉందన్నమాట. ఇక్కడ కూర్చున్న నాకు కనిపించలేదు, అంతే.

హమీద్ పెదవులు ముడిచి అడవిలో పిట్ట కూసినట్టు సన్నగా ఈల వేశాడు.

బెంచీ కింద తల లేచింది. చెవులు నిలబడ్డాయి. అది పరుగెత్తలేదు. ఒక్కొక్క అడుగు వేస్తూ పోయింది, మధ్యలో ఆగి నావైపు ఒకసారి చూసింది. తర్వాత హమీద్ మోకాళ్ల దగ్గర కూర్చుని, మొహం ఎత్తి, నేనెప్పుడూ వినని గొంతుతో ఏడ్చినట్టు, తిట్టినట్టు చాలాసేపు మాట్లాడింది. హమీద్ నేల మీదనే కూర్చున్నాడు. "హా ఖజూర్, హా బేటా, తప్పు నాదే," అంటున్నాడు. వరుసలో ఉన్నవాళ్లు ఇళ్లకు పోకుండా నిలబడ్డారు.

"ఓవర్‌మన్ సాబ్ ట్రాన్స్‌ఫర్ అయ్యిండు," అన్నారెవరో. ఎవరూ పెద్దగా నవ్వలేదు గానీ అందరూ వచ్చి దాని తల ముట్టి పోయారు.

పోయేముందు హమీద్ బెల్టు విప్పి నాకివ్వబోయాడు. "ఈ బిళ్ళ మీదే గద?"

"పైకొచ్చినోనిది. మీతోనే పట్టుకపోండ్రి."

"నాది బావా అది," అన్నాడు ఎల్లేశం.

"నువ్వు పదకొండేండ్ల కిందనే పైకొచ్చినవ్. నీ బిళ్ళ పోయిందని నువ్వే అన్నవ్ గద."

ఎల్లేశం ఒక క్షణం నా మొహం చూసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని నవ్వాడు. తర్వాత రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. ఆ రోజు సంతకం త్వరగా పెట్టాను.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చుంటే పాదాలు తేలికగా ఉన్నాయి. ఐలవ్వ వచ్చి పక్కన కూర్చుంది. మామూలుగా ఆమె అట్లా కూర్చోదు. కాసేపయ్యాక, "ఆదివారం కాసిపేటకు బస్సు ఎన్నింటికి?" అంది.

*

ఆదివారం పోయాం. నువ్వుల లడ్డూలు కట్టింది ఐలవ్వ, కుక్కకు వేరే డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు. ఫారెస్టు క్వార్టర్ల వెనక సందులో ఎవరినీ అడగకుండానే ఇల్లు తెలిసిపోయింది. మేకలు కొరికిన మల్లెచెట్టు మోడు పక్కన కొత్త చిగురు ఉంది.

గేటు మూసి ఉంది. లోపలి నుంచి గొళ్లెం కూడా వేసి ఉంది.

ఇంటికి వచ్చిన చుట్టాన్ని మూసిన గేటు ముందు నిలబెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం కాసేపు ఆ గొళ్లేన్నే చూస్తూ నిలబడ్డాను. ఐలవ్వ మోచేత్తో పొడిచింది. తట్టాను. లోపల గుర్రుమన్న చప్పుడు, ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసి చేసే గుర్రు. వెంటనే గోళ్లు నేలకు గీసుకుంటూ పరుగు, ఇత్తడి బిళ్ళ ఇనుప బకిలుకు తగిలి గలగల.

"కౌన్? ఎవరు?" అంది లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు.

నా పేరు చెప్పబోయాను. వాళ్లకు ఏ సదయ్య అని తెలుస్తుంది?

"గోదావరిఖనికెల్లి వచ్చినం అమ్మా," అన్నాను. "మేకు సదయ్యను."